చెట్టు చేయు పనిని మనిషి చేయగలడా?

ఇటీవల ఒక శ్రోత మాకు వ్రాసిన జాబులో ఇట్లడిగిరి: “క్వినైన్ అను మందు ఒక చెట్టు బెరడులో ఉన్నదందురు. ఆ చెట్టును నాటి పెంచుకొన్నచో చాలును గదా! దానినే మరల ప్రయోగశాలలో తయారు చేయుటకు శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా శ్రమించిరని విన్నాము. ఇది కొండను త్రవ్వి ఎలుకను పట్టుట కాదా? మరియొక సందేహము: మనిషి గాజుకుప్పెలో చేసినది అసలైన క్వినైన్ అగునా, లేక దాని వంటిది మాత్రమేనా?”

ప్రశ్నలు రెండును న్యాయమైనవే. రెండవదానికి సమాధానము చిన్నది, మొదటిదానికి పెద్దది. అయితే రెండింటికిని దారి ఒక కథలో నుండియే పోవుచున్నది. ఆ కథను ఇచ్చట చెప్పుచున్నాము.

మన పెద్దలు క్వినైన్‌ను “కొయినా” అనెడివారు. మాత్ర నాలుకకు తగిలినచో ఆ చేదు పూటంతయు పోదని ఇప్పటికిని చెప్పుకొనుచుందురు. చలిజ్వరము, వణకుజ్వరము, మన్యపు జ్వరము అని మనవారు పిలిచినది మలేరియాయే. మైదానములనుండి మన్యమునకు ఉద్యోగముపై పోవువారు భయపడినది పులికి కాదు, ఈ జ్వరమునకు. ఈ జ్వరమును తెచ్చు సూక్ష్మజీవి దోమ కడుపులో పెరుగుచున్నదని రొనాల్డ్ రాస్ అను వైద్యుడు 1897 ఆగస్టు 20వ తేదీన కనుగొనినది మన సికింద్రాబాదులోనే. ఆ జీవి మనుష్యుని రక్తకణములలో చొరబడి, వానిలోని ఎఱ్ఱని పదార్థమును తిని బ్రదుకును. అట్లు తినగా మిగిలిన ఒక భాగము దానికే విషము. ఆ విషమును అది స్ఫటికములుగా బిగించి తన్ను తాను కాపాడుకొనును. క్వినైన్ ఆ బిగింపునకు అడ్డుపడునని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

క్వినైన్ దొరకు చెట్టు సింకోనా. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములు. 17వ శతాబ్దమున ఆ బెరడు ఐరోపాకు చేరెను. బెరడును పొడిచేసి త్రాగించెడివారు. అయితే ఒక చెట్టు బెరడులో మందు ఎక్కువగా నుండును, మరొక చెట్టు బెరడులో ఏమియు నుండకపోవచ్చును. రోగికి ఎంత ఇచ్చితిమో ఇచ్చినవానికే తెలియదు. 1820లో పెల్లెటియే, కావెంతూ అను ఇద్దరు ఫ్రెంచివారు బెరడునుండి అసలు మందును వేరుచేసి దానికి క్వినైన్ అని పేరిడిరి. అప్పటినుండి మందును తూచి ఇచ్చుట సాధ్యమాయెను. 1860 తరువాత ఆంగ్లేయులు నీలగిరులలోను, డార్జిలింగు కొండలలోను సింకోనా తోటలు వేసిరి. డచ్చివారు జావా ద్వీపములో వేసిన తోటలు అన్నిటిని మించిపోయెను. రెండవ ప్రపంచ యుద్ధమునకు పూర్వము లోకములోని క్వినైన్‌లో నూటికి తొంబది పాళ్లకు పైగా జావానుండియే వచ్చెడిది. ఈ సంగతిని పాఠకులు మనసున నుంచుకొనవలెను. దీని పర్యవసానము ముందు రానున్నది.

ఇక రసాయన శాస్త్రమునకు వత్తము. ఏ పదార్థమైనను అణువుల రాశి. అణువు పరమాణువుల కూర్పు. జీవులలో దొరకు పదార్థములలో ముఖ్యమైనది కర్బనము. కర్బన పరమాణువునకు నాలుగు చేతులున్నవనుకొనుడు. ఆ చేతులతో అది ఉదజనిని పట్టుకొనవచ్చును, ఆమ్లజనిని పట్టుకొనవచ్చును, నత్రజనిని పట్టుకొనవచ్చును, తోటి కర్బనమును పట్టుకొనవచ్చును. ఇట్లు గొలుసులు, వలయములు, పంజరముల వంటి ఆకృతులు ఏర్పడును. క్వినైన్ అణువులో కర్బనములు 20, ఉదజనులు 24, నత్రజనులు 2, ఆమ్లజనులు 2, వెరసి 48 పరమాణువులు. ఈ లెక్క 19వ శతాబ్దపు మధ్యభాగమునకే తెలిసినది.

లెక్క తెలిసినంతనే పని తెలిసినట్లు కాదు. దీనిని మొదట చవిచూచినవాడు విలియం పెర్కిన్. 1856లో అతడు లండనులో విద్యార్థి. వయస్సు 18 ఏండ్లు. ఈస్టరు సెలవులలో తన యింటిలోని చిన్న ప్రయోగశాలలో క్వినైన్ చేయవలెనని పూనుకొనెను. అతని లెక్క చాల తేలికైనది. తారుకు సంబంధించిన ఒక పదార్థములో 10 కర్బనములు, 13 ఉదజనులు, ఒక నత్రజని ఉన్నవి. అట్టి అణువులను రెంటిని కలిపి, ఆమ్లజనిని చేర్చి, ఒక నీటి అణువును తీసివేసినచో, కాగితముపై సరిగా క్వినైన్ లెక్కయే తేలును! పెర్కిన్ అట్లే చేసెను. కుప్పెలో మిగిలినది ఎఱ్ఱగా నున్న మడ్డి.

లోపమెక్కడ? “కలప” అను మాటను వ్రాయుడు. అందు క, ల, ప అను మూడక్షరములున్నవి. ఆ మూడక్షరములనే వెనుకనుండి కూర్చినచో “పలక” యగును. అక్షరములు అవియే, లెక్క అదియే. కాని వస్తువు వేరు. కలపతో వంట చెరకగును, పలకపై పిల్లవాడు ఓనమాలు దిద్దును. అణువులకును ఇదే న్యాయము. ఏ పరమాణువులు ఎన్ని యున్నవను లెక్క చాలదు. ఏది దేనిని పట్టుకొన్నది అనునదే స్వరూపము. పెర్కిన్ కాలమున ఈ జ్ఞానము ఇంకను ఎవరికిని లేదు. కనుక అతని ఓటమి అవమానకరము కాదు. పైగా అతడు మరియొక పదార్థముతో అదే ప్రయోగము చేయగా వచ్చిన నల్లని మడ్డిలో అందమైన ఊదారంగు కనబడెను. దానితో కృత్రిమపు రంగుల పరిశ్రమ పుట్టినది. క్వినైన్ మాత్రము పుట్టలేదు.

క్వినైన్ కూర్పును తెలిసికొనుటకు మరి యాబది ఏండ్లు పట్టెను. అణువు కంటికి కనబడదు. నాటి శాస్త్రజ్ఞులు దానిని ఆమ్లములతోను వేడితోను ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్క యేదియో గుర్తించి, ముక్కలనుబట్టి మొత్తమును ఊహించిరి. పగిలిన కుండ పెంకులనుబట్టి కుండను గీయుట వంటి పని యిది. 1908లో పాల్ రాబే అను జర్మను శాస్త్రజ్ఞుడు సరియైన కూర్పును తెలిపెను. క్వినైన్ అణువును మనము ఒక కావడితో పోల్చవచ్చును. ఒకవైపున పలకవలె చదునుగా నున్న జంట వలయము. రెండవవైపున బుట్టవలె ఉబ్బిన పంజరము. రెంటిని కలుపు కావడిబద్ద ఒకే ఒక కర్బన పరమాణువు. బుట్టనుండి రెండు కర్బనముల చిన్న కొమ్మ బయటికి చాచుకొని యుండును.

ఇంతటితో చిక్కు తీరలేదు. అసలు చిక్కు ఇప్పుడే మొదలైనది. శంఖములలో వామావర్తము, దక్షిణావర్తము అని రెండు విధములున్నవి గదా! రెండును శంఖములే, పెంకు ఒకటే, వంపు ఒకటే, సుడి తిరిగిన దిక్కు మాత్రము వేరు. ఒకదానిని ఎట్లు త్రిప్పినను రెండవదానివలె కూర్చుండదు. అణువులోని కొన్ని కర్బనములకును ఇట్టి కుడి ఎడమల భేదము కలదు. క్వినైన్‌లో అట్టి కర్బనములు నాలుగు. ఒక్కొక్కటి రెండు విధములుగా నుండవచ్చును గనుక, లెక్క ప్రకారము 16 ఆకృతులు సంభవించును. వీనిలో క్వినైన్ ఒక్కటియే. రెండు చోట్ల దిక్కు మారినచో అది క్వినిడిన్ అను వేరొక మందు. అది గుండె లయ తప్పినప్పుడు వాడబడిన మందు. సింకోనా చెట్టు రెంటిని తన బెరడులోనే దాచుకొన్నది. చూచితిరా, అణువులో సుడి తిరుగు దిక్కు మారినంతనే వైద్యుని చీటీ మారిపోవును.

ఇట్టి అణువును కట్టువానికి చేతిలో పట్టకారు లేదు. పరమాణువును పట్టి తెచ్చి అంటించుట అతనికి సాధ్యము కాదు. కుప్పెలో కోట్లకొలది కోట్ల అణువులుండును. వానిని వేడిచేయుట, చల్లార్చుట, ఒక ద్రవమును చుక్కచుక్కగా విడుచుట, కలుపుట, వడగట్టుట, ఇంతియే అతని చేతనగును. ఏ పరిస్థితిలో ఏ చేయి విడిపోయి దేనిని పట్టుకొనునో తెలిసియుండి, ఆ పరిస్థితిని కల్పించుటయే అతని విద్య. కొన్నిసార్లు అణువులోని ఒక భాగమును మార్చవలసి యుండగా మరియొక భాగము కూడ మారిపోవును. అప్పుడతడు పోచంపల్లి నేతగాని ఉపాయమునే అనుసరించును. రంగు అంటరాదనుకొన్న చోట నేతగాడు నూలును గట్టిగా చుట్టి కట్టి, పిమ్మట రంగులో ముంచి, తరువాత కట్టు విప్పును. రసాయనకారుడును అట్లే అణువులోని ఒక చేతికి తాత్కాలికముగా తొడుగు తొడిగి, పని ముగిసిన పిదప దానిని తీసివేయును.

మరియొక కష్టము నష్టపు లెక్క. ఒక్కొక్క మెట్టున నూటికి తొంబది అణువులు సరియైన దారిన పోయినవనుకొనుడు. అది మంచి ఫలితమే. కాని మెట్లు 20 ఉన్నచో, కడపటికి నూటికి 12 మాత్రమే మిగులును. నూటికి ఎనుబది చొప్పున పోయినచో, చివరకు మిగులునది నూటికి ఒకటి. కనుక పదునైదు, ఇరువది మెట్ల దారిని నడచువాడు మొదట గంగాళములతో ఆరంభించి తుదకు గోరంత పొడితో ముగించును. ఆ గోరంతలోనే నిజము తేలవలెను.

ఇట్లుండగా 1942 వచ్చెను. ఆ సంవత్సరము మార్చిలో జపానువారు జావాను ఆక్రమించిరి. లోకమునకు కావలసిన క్వినైన్ అంతయు ఒక్క ద్వీపముపై ఆధారపడియుండగా, ఆ ద్వీపము చేజారెను. ఆసియాలోను పసిఫిక్ ద్వీపములలోను పోరాడు సైనికులను తుపాకులకంటె దోమలే ఎక్కువగా పడగొట్టు కాలము. చెట్టును నాటినచో బెరడు చేతికి వచ్చుటకు ఏండ్లు పట్టును. “చెట్టును పెంచుకొన్నచో చాలును గదా” అని మన శ్రోత అడిగిన ప్రశ్నకు చరిత్ర ఇచ్చిన మొదటి సమాధానమిది. చెట్టు ఎవరి నేలలో ఉన్నదో వారిదే మందు.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయములో రాబర్టు వుడ్‌వర్డ్, విలియం డోరింగ్ అను ఇద్దరు యువకులు పనికి పూనుకొనిరి. 1944 ఏప్రిలునాటికి పని ముగిసెను. అప్పటికి వుడ్‌వర్డ్ వయస్సు 27; డోరింగ్ అతనికంటె కొన్ని నెలలు చిన్నవాడు. వారి ఉపాయము చక్కనిది. పంజరపు భాగమునకు కావలసిన రెండు కొమ్మలు ఒకే వలయముపై, ఒకే ప్రక్కన, ప్రక్కప్రక్క చోట్ల నిలువవలెను. వానిని విడివిడిగా అతికించుట కష్టము. కనుక వారు మొదట రెండు వలయములు అంటుకొనియున్న పదార్థమును కట్టిరి. పిదప కావలెననియే ఒక వలయమును తెంచిరి. తెగిన వలయపు రెండు కొసలే రెండు కొమ్మలాయెను. రెండును సరిగా ఉండవలసిన చోటనే నిలిచెను. వంతెన కట్టి, దానిని నడుమ విరుగగొట్టి, మిగిలిన స్తంభములను వాడుకొన్నట్లు!

వారు కట్టిన పదార్థములో కుడి, ఎడమ రూపములు సమపాళ్లలో కలిసియుండెను. వానిని వేరుచేయుట యెట్లు? చీకటిలో మీ చేతికి తగిలినది ఎవరిదో కుడిచేయియో ఎడమచేయియో తెలియవలెనన్నచో మీ కుడిచేతితో పట్టి చూడవలెను. కుడికి కుడి పొందుపడినట్లు ఎడమ పొందుపడదు. వారును ఒక “చేతిని” వాడిరి. అది టార్టారిక్ ఆమ్లమునుండి చేసినది. మన చింతపండు పులుపునకు కారణమైన ఆమ్లమే అది. ప్రకృతి దానిని ఒకే దిక్కు సుడితో చేయును. దానితో కలిసి ఒక రూపము స్ఫటికములుగా పేరుకొనెను, రెండవది ద్రవములో నిలిచెను.

ఇట్లు వారు చేరినది క్వినోటాక్సిన్ అను పదార్థము. క్వినైన్‌కు ఇంకను మూడు మెట్లున్నవి. ఆ మూడు మెట్లను వారు తాము ఎక్కలేదు. ఎందుకన, క్వినోటాక్సిన్‌ను క్వినైన్‌గా మార్చితిమని రాబేయు, కిండ్లరును 1918లోనే ఒక చిన్న పత్రములో ప్రకటించియుండిరి. ఆ మాటను నమ్మి, దారి పూర్తియైనదని వీరు చెప్పిరి. వార్తాపత్రికలు కొనియాడినవి. యుద్ధకాలమున అది గొప్ప శుభవార్త.

ఇచ్చట మేము దాచక చెప్పవలసినది ఒకటి కలదు. ఈ మార్గమున చేసిన క్వినైన్‌తో ఒక్క సైనికుని జ్వరమైనను తగ్గలేదు. దారి మిక్కిలి పొడవైనది, ఖర్చు మిక్కిలి అధికము. సైనికులకు ఇచ్చినది జర్మను శాస్త్రజ్ఞులు 1930 ప్రాంతములలో రూపొందించిన మెపాక్రిన్ అను వేరొక కృత్రిమపు మందు. దానిని తినినవారి చర్మము పసుపు పచ్చగా మారెడిది. నేటికిని లోకములో వాడు క్వినైన్ చెట్టు బెరడునుండియే వచ్చుచున్నది. మన శ్రోత మాటలో సత్యము లేకపోలేదు.

అంతకంటె గట్టి ఎదురుదెబ్బ తరువాత తగిలెను. 1918నాటి ఆ చిన్న పత్రములో ఫలితము కలదు గాని చేసిన విధానపు వివరములు లేవు. “తగినంత ఉప్పు, చాలినంత కారము” అని వ్రాసిన వంట పుస్తకము వంటిది అది. వ్రాసినవారి చేతికి ఆవకాయ కుదురును, చదివినవారి చేతికి కుదరదు. అయినచో 1944నాటి దారి నిజముగా క్వినైన్‌కు చేరునా? కొలంబియా విశ్వవిద్యాలయములోని గిల్బర్టు స్టార్క్ ఈ ప్రశ్నను బహిరంగముగా వేసెను. యౌవనము నుండియు ఈ సమస్యను మనసున నిలుపుకొన్న ఆయన, ఎనుబదవ యేటికి చేరువలో, 2001లో, తన సహచరులతో కూడి నాలుగు కర్బనముల దిక్కులను తన యదుపులో నుంచుకొని క్వినైన్‌ను పూర్తిగా నిర్మించి చూపెను. అట్లు అదుపుతో కట్టుట అదియే మొదటిసారి. ఇంతటి కీర్తి పొందిన 1944నాటి పని యొక కట్టుకథ మాత్రమేనా యను అనుమానము లోకములో వ్యాపించెను.

అనుమానమును వాదముతో తీర్చలేము, చేసి చూడవలెను. 2008లో కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయములో స్మిత్, విలియమ్స్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు రాబే కాలపు పద్ధతులతోనే ఆ మూడు మెట్లను మరల ఎక్కి చూచిరి. కడపటి మెట్టున అల్యూమినియపు పొడి వాడవలెను. క్రొత్తగా తెరచిన డబ్బాలోని శుభ్రమైన పొడితో పని సరిగా జరుగలేదు. గాలి తగిలి, పైన కొంత ఆక్సైడు ఏర్పడిన పొడిని వాడగా క్వినైన్ వచ్చెను! రాబే ప్రయోగశాలలోని పొడి అట్టిదై యుండవచ్చును. అది వ్రాయదగిన విషయమని ఆయనకు తోచియుండదు. తొంబది ఏండ్ల తరువాత రాబే మాట నిలిచెను. దానితో వుడ్‌వర్డ్, డోరింగుల మాటయు నిలిచెను. ఈ వృత్తాంతమునుండి తెలియునది యొకటి. శాస్త్రమున గొప్పవారి పేరు సాక్ష్యము కాదు. మరియొకరు మరియొక చోట చేసి చూచినప్పుడు వచ్చు ఫలితమే సాక్ష్యము. వివరముగా వ్రాసిపెట్టుట ఆ సాక్ష్యమునకు మనము చేయు సహాయము.

ఇప్పుడు శ్రోత రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. గాజుకుప్పెలో వచ్చిన క్వినైన్ అసలైన క్వినైనే. అవే 48 పరమాణువులు, అదే కూర్పు, అవే దిక్కులు. రెంటిని శుద్ధిచేసి ప్రక్కప్రక్కన పెట్టినచో నాలుకకు భేదము తెలియదు, కొలత పరికరమునకు తెలియదు, జ్వరపు జీవికి అంతకంటె తెలియదు. అణువునకు తన పుట్టుక జ్ఞాపకముండదు. “చెట్టుదిగనుక మంచిది, రసాయనము గనుక చెడ్డది” అను మాట మన యిండ్లలో తరచుగా వినబడును. చెట్టు చేసినదియు రసాయనమే. ముసిడి గింజలోని విషము చెట్టు చేసినదే గదా! మందు మంచిచెడ్డలు ఆ అణువు స్వరూపముపైన, మోతాదుపైన, శుద్ధిపైన ఆధారపడియుండును, పుట్టినచోటిపైన కాదు.

ఇక మొదటి ప్రశ్న. కొండను త్రవ్వినందుకు దొరకినది ఎలుకయేనా? త్రవ్వుటలో చేయి తిరిగినదని మా సమాధానము. వుడ్‌వర్డ్ క్వినైన్‌తో ఆగలేదు. పైన చెప్పిన ముసిడి గింజలోని విషమగు స్ట్రిక్నిన్‌ను 1954లో కట్టెను. మన దేశమున వైద్యులు ఎరిగిన సర్పగంధ వేరులోని రక్తపోటు మందు రిసర్పిన్‌ను 1956లో కట్టెను. ఆకుల పచ్చదనమునకు మూలమైన క్లోరోఫిల్‌ను 1960లో కట్టెను. 1965లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. తరువాత స్విట్జర్లండులోని ఎషెన్‌మోజర్ బృందముతో కలిసి, నూరుమందికి దగ్గరగా పనివారు శ్రమింపగా, 1972లో విటమిన్ బి-12 నిర్మాణము సిద్ధించెను. ఆ పనిలో ఎదురైన ఒక వింత నుండియే, వలయములు కట్టుకొనునప్పుడు అణువులు ఏ దిక్కున తిరుగునో ముందుగా చెప్పు నియమములు ఏర్పడెను. ఆ నియమములను నేడు రసాయన విద్యార్థులందరును చదువుచున్నారు. కష్టమైన గమ్యమును చేరబోయి దారిలో కనుగొన్నది గమ్యముకంటె విలువైనదగుట ఇట్లే.

మరియొక ప్రయోజనము మన యింటికి దగ్గరిది. ఒక అణువును కట్టనేర్చినవాడు దానిని మార్చనేర్చును. చెట్టు తన అవసరమునకు తగిన రూపమును మాత్రమే చేయును. మన రోగమును ఎరిగి చేయదు. భీమవరములో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి కృషి దీనికి నిదర్శనము. ఫోలిక్ ఆమ్లమను విటమినును 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూరనుండి తీసిరి. నాలుగు టన్నుల ఆకునుండి వచ్చినది అత్యల్పము. సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాల వారు 1945లో దానిని కృత్రిమముగా నిర్మించిరి. నేడు గర్భవతులకు ఆరోగ్య కేంద్రములలో ఇచ్చు ఐరన్, ఫోలిక్ ఆమ్లపు మాత్రలలోనిది కర్మాగారములో తయారైనదే. అన్ని మాత్రలకు చాలునంత పాలకూర ఎవరి పొలములోను పండదు. అంతియే కాదు. ఆ అణువును స్వల్పముగా మార్చినప్పుడు వచ్చిన అమినాప్టెరిన్ అను మందును 1947 చివర బోస్టను నగరపు వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు ఇయ్యగా, కొందరిలో వ్యాధి కొంతకాలము వెనుకంజ వేసెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని క్యాన్సరులకు, కీళ్లవాపునకు వాడబడుచున్నది. మన కోస్తా జిల్లాలను పీడించిన బోదకాలు వ్యాధికి ఇచ్చు డైఇథైల్ కార్బమజిన్ అను మందును సుబ్బారావుగారి బృందము వెలువరించినదే. అది ఏ చెట్టును చేయని అణువు.

మన విశ్వవిద్యాలయములకును ఈ విద్య క్రొత్తది కాదు. మాంచెస్టరులో రాబర్టు రాబిన్‌సన్ వద్ద పరిశోధన చేసిన టి. ఆర్. శేషాద్రిగారు 1930లలో వాల్తేరునకు వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయములో పత్తిపూవుల రంగులు మొదలగు ప్రకృతి పదార్థములపై గొప్ప పరిశోధనశాఖను నెలకొల్పిరి. హైదరాబాదులో 1944లో ఆరంభమై నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా వెలయుచున్న ప్రయోగశాలలో ప్రకృతి అణువుల నిర్మాణము ముఖ్యమైన పనులలో నొకటి.

మలేరియా కథను ముగింతము. క్వినైన్‌లోని జంట వలయమును ఉంచుకొని, తక్కినదానిని తేలికగా మార్చి కట్టిన క్లోరోక్విన్ 1934లో జర్మనీలో పుట్టినది. యుద్ధానంతరము అది చౌకగా లోకమంతటను వ్యాపించి ఎందరినో కాపాడెను. కాని 1950ల చివరనుండి జ్వరపు జీవి దానికి లొంగకుండుట నేర్చెను. అప్పుడు మరల చెట్టుచేమల వైపు చూడవలసి వచ్చెను. వినాయక చవితి పత్రిలో మనము వాడు మాచిపత్రికి దగ్గరి చుట్టమైన ఒక మొక్కనుండి చీనా దేశమున తూ యూయూ గారి బృందము 1972లో ఆర్టెమిసినిన్ అను మందును తీసెను. ఆమెకు 2015లో నోబెల్ బహుమానములో భాగము లభించెను. ఆ అణువు నీటిలో సులభముగా కరగదు. రసాయనకారులు దానిని మార్చి సూదిమందుగా ఇయ్యదగిన ఆర్టెసునేటును చేసిరి. తీవ్రమైన మలేరియాకు నేడు వైద్యులు మొదట ఎంచుకొనునది దానినే. సగము మొక్క పని, సగము మనిషి పని.

కనుక చెట్టు చేయు పనిని మనిషి చేయగలడా యన్నచో, చేయగలడు. ఖర్చు విషయమున చెట్టే ఇంకను గెలుచుచుండవచ్చును. సింకోనా చెట్టు ఎండలో నిలువబడి, నీటిని గాలిని తీసికొని, నిశ్శబ్దముగా చేయు పనికి మనిషికి నూటయేబది ఏండ్ల గాజుకుప్పెలు కావలసి వచ్చెను. ఆ నూటయేబది ఏండ్లలో అతడు క్వినైన్‌నే కాక, చెట్టు ఎన్నడును తలపని మందులను చేయుట నేర్చెను. ద్వీపము చేజారినను, జీవి లొంగకపోయినను, చేతులు ముడుచుకొని కూర్చుండవలసిన పని అతనికి లేదు.

 శ్రోత కొండ యన్నది నిజమే. ఎలుక యన్నది మాత్రము మరల ఆలోచింపుడని మా మనవి.